602 ఓట్లు, 708 ఓట్లు

2025 జూన్ 6, శుక్రవారం. తెల్లారి లేచి ఫోన్ చూస్తే మా చిన్నమ్మి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒకే ఒక్క లైన్. "602 ఓట్లు, నాయనా." ఇంకేం రాయలేదు. రాయకపోయినా నాకు అర్థమైపోయింది, ఎందుకంటే మా ఇంట్లో ఇలాంటి నంబర్ ఇంకొకటి ఉంది, 708. తిరుపతిలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. 2019 మే 23న కౌంటింగ్, భూమన కరుణాకర్ రెడ్డి సుగుణమ్మ మీద 708 ఓట్లతో గెలిచారు. లక్షన్నరకు పైగా ఓట్లు ఆ ఇద్దరికే పడితే తేడా 708. ఆ రోజు మా ఇంట్లో సగం మంది స్వీట్లు పంచుకున్నారు, సగం మంది అన్నం ముట్టలేదు.

602 అనేది స్కాట్లాండ్ లెక్క. హామిల్టన్, లార్క్‌హాల్ అండ్ స్టోన్‌హౌస్ అని ఒక నియోజకవర్గం, గ్లాస్గోకి ఆగ్నేయంగా ఉంటుంది, ఒకప్పుడు బొగ్గు గనుల ప్రాంతం. మా పాప అక్కడ ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తూ రెండేళ్లుగా హామిల్టన్‌లోనే ఉంటోంది. జూన్ 5న ఉప ఎన్నికలో ఓటేసింది. అవును, మన పాస్‌పోర్ట్ ఉన్న పిల్లే, అక్కడి స్కాటిష్ పార్లమెంటుకు, అంటే మన అసెంబ్లీ లాంటిదానికి, ఓటేసింది. ఏప్రిల్‌లో ఈ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు, ఎవరో ఫార్వర్డ్ పెట్టుంటారు అనుకున్నా. నిజమే అంట. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, చట్టబద్ధంగా అక్కడ నివాసం ఉంటున్న మనవాళ్లు లోకల్ కౌన్సిల్ దగ్గర పేరు నమోదు చేసుకుంటే ఓటు వస్తుంది. 2020లో స్కాటిష్ పార్లమెంటు ఇంకో చట్టం చేసి, ఏ దేశం వాళ్లైనా సరే చట్టబద్ధంగా ఉండే అనుమతి ఉంటే ఓటెయ్యొచ్చు అంది. పదహారేళ్లకే ఓటు. నేను ఇరవై ఏళ్లకు పైగా సోషల్ చెబుతున్నా, ఇది ఏ పాఠంలోనూ రాలేదు.

ఆ ఉప ఎన్నిక ఎందుకొచ్చిందంటే, అక్కడి సభ్యురాలు క్రిస్టినా మెక్‌కెల్వీ మార్చిలో క్యాన్సర్‌తో చనిపోయారు. 57 ఏళ్లే. స్కాటిష్ నేషనల్ పార్టీ, అంటే ఎస్‌ఎన్‌పీ తరఫున మంత్రిగా ఉండేవారు. మన తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ 2020 సెప్టెంబర్‌లో చనిపోతే 2021 ఏప్రిల్‌లో ఉప ఎన్నిక జరిగింది గుర్తుందా, గురుమూర్తి 2,71,592 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ నంబర్ చెబితే మా పాప అక్కడ తోటి ఉద్యోగులకు చెప్పిందట, వాళ్లు నమ్మలేదంట. హామిల్టన్‌లో మొత్తం ఓటర్లే అరవై వేల పైచిలుకు మరి.

పోలింగ్ రోజు సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నేను ఆరు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేసినవాణ్ణి. ముందు రోజు మెటీరియల్ తీసుకుని బస్సెక్కి, ఏదో ఒక బడిలో బెంచీల మీద పడుకుని, తెల్లవారుజామున ఏజెంట్లను కూర్చోబెట్టి, కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేసి, క్లియర్ బటన్ నొక్కి, సీళ్లు వేసి, ఏడింటికి తలుపు తీసేసరికి ఒంట్లో సగం శక్తి అయిపోతుంది. టెన్షన్ సంగతి సరేసరి. మా పాప నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తూ దారిలో పోలింగ్ స్టేషన్లోకి వెళ్లింది. ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది.

"ఏం చూపించినావు మా?" అని అడిగా.

"ఏమీ చూపించలేదు నాయనా. పేరు, అడ్రస్ చెప్పినా. లిస్టులో గీత పెట్టుకుని కాగితం ఇచ్చినారు."

"వేలికి ఇంకు?"

"ఇంకు లేదు. పెన్సిల్ ఉంది. దారం కట్టి ఉంది దానికి. క్రాస్ పెట్టి మడిచి డబ్బాలో వేసినా."

పెన్సిల్! మా ఆవిడ పక్కన కూర్చుని వింటూ "పెన్సిల్‌తో వేస్తే చెరిపేయరా?" అంది. నాకూ అదే అనుమానం వచ్చింది కానీ అక్కడ తరతరాలుగా అట్లాగే నడుస్తోందట. లండన్ పార్లమెంటు ఎన్నికకు ఇప్పుడు ఫోటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేశారు, స్కాటిష్ పార్లమెంటు ఎన్నికకు మాత్రం అక్కర్లేదు. పోలింగ్ పొద్దున ఏడు నుంచి రాత్రి పది వరకు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురుంటుంది కాబట్టి పనుల నుంచి వచ్చి అన్నం తిని తీరిగ్గా వెళ్లి వేస్తారు. ఇంత సౌకర్యం ఉండి కూడా పోలింగ్ 44.2 శాతమే. ఈ ఒక్క విషయంలో మాత్రం మనోళ్లు ఎంతో నయం, మండుటెండలో మూడు గంటలు లైన్లో నిలబడిన ముసలమ్మలను నా కళ్లతో చూశాను.

సరే, ఫలితం. పదిమంది నిలబడ్డారు. లేబర్ పార్టీ డేవీ రస్సెల్ 8,559. ఎస్‌ఎన్‌పీ కేటీ లౌడన్ 7,957. వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీ రాస్ లాంబీ 7,088. నాలుగో స్థానంలో కన్జర్వేటివ్ రిచర్డ్ నెల్సన్ 1,621, అంటే 6 శాతం. ఆ తర్వాత గ్రీన్ పార్టీ 695, లిబరల్ డెమోక్రాట్ 533, మిగిలినవాళ్లకు ఇంకా తక్కువ. అక్కడ 5 శాతం ఓట్లు రాకపోతే 500 పౌండ్ల డిపాజిట్ పోతుంది, ఆ లెక్కన ఆరుగురికి పోయింది. మన ఆరో వంతు రూలు అక్కడ పెడితే ముగ్గురికే దక్కేది.

ఈ ఫలితం అక్కడ పెద్ద వార్త అవ్వడానికి కారణం ఉంది. ఎస్‌ఎన్‌పీ ముఖ్యమంత్రి, అక్కడ ఫస్ట్ మినిస్టర్ అంటారు, జాన్ స్విన్నీ ప్రచారమంతా పోటీ మాకూ రిఫార్మ్‌కే అని చెప్పారు. లేబర్ అభ్యర్థి టీవీ చర్చకు కూడా వెళ్లలేదని విమర్శలు. చివరికి ఆయనే గెలిచాడు. కేటీ లౌడన్ సంగతి చదివితే నాకు నిజంగా బాధేసింది. 2023లో రూథర్‌గ్లెన్ ఉప ఎన్నికలో ఓడిపోయింది, 2024 లండన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓడిపోయింది, ఇప్పుడు 602 ఓట్లతో. మూడుసార్లు స్టేజీ మీద పక్కవాళ్ల పేరు ప్రకటిస్తుంటే నిలబడి చప్పట్లు కొట్టాలి. అక్కడ ఫలితం చెప్పేటప్పుడు అభ్యర్థులందర్నీ వేదిక మీద వరుసగా నిలబెడతారు, ఒక్కొక్కరికి ఎన్నొచ్చాయో వాళ్ల ముందే చదువుతారు. మన దగ్గర ఓడిపోతామని తెలియగానే కౌంటింగ్ సెంటర్ వెనక గేటు నుంచి కారెక్కి వెళ్లిపోయేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

ప్రచారంలో ఇంకో గొడవ జరిగింది. స్కాట్లాండ్ లేబర్ నాయకుడు అనస్ సర్వర్ కుటుంబం పాకిస్తాన్ మూలాలున్నది. దాన్ని పట్టుకుని రిఫార్మ్ పార్టీ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన ఇచ్చింది. లేబర్, ఎస్‌ఎన్‌పీ రెండూ అది జాత్యహంకారమన్నాయి, రిఫార్మ్ కాదంది. మా పాప ఆ వీడియో చూసిన తర్వాత రెండు రోజులు బస్టాపులో తెలుగులో ఫోన్ మాట్లాడటం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు నాయనా, నాకే ఎట్లనో అనిపించింది, అంది. పాకిస్తాన్ అయినా తిరుపతి అయినా వాళ్లకు ముఖం ఒక్కటే కదా. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఓటేసి వచ్చి ఫోన్ చేసినప్పుడు దాని గొంతులో ఉన్న ఉత్సాహం నాకు చాలా విలువైంది.

ఎవరికి వేశావని నేను అడగలేదు. ఫలితం వచ్చాక అదే చెప్పింది, "నేను వేసినోళ్లు గెలవలేదు." కాసేపు దిగులుగా ఉండి, తర్వాత "ఫర్వాలేదులే, వచ్చే మే 7న మొత్తం ఎన్నికలు కదా, అప్పుడు రెండు కాగితాలు ఇస్తారు" అంది.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ రెండో కాగితమే.

స్కాటిష్ పార్లమెంటులో 129 మంది. 73 మంది మన ఎమ్మెల్యేల్లాగానే నియోజకవర్గాల నుంచి, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు. మిగిలిన 56 మంది 8 ప్రాంతాల నుంచి, ఒక్కో ప్రాంతానికి ఏడుగురు. అందుకే ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు. లేత ఊదా రంగు కాగితం మీద అభ్యర్థికి, లేత నారింజ రంగు కాగితం మీద పార్టీకి. నియోజకవర్గాల లెక్క తేలాక ప్రాంతం లెక్క తీస్తారు. ఒక పార్టీకి పడ్డ రెండో ఓట్లను, ఆ పార్టీ అప్పటికే గెలిచిన సీట్లకు ఒకటి కలిపి ఆ సంఖ్యతో భాగిస్తారు. ఎవరికి పెద్ద సంఖ్య వస్తే వాళ్లకు సీటు. మళ్లీ భాగిస్తారు. ఏడు సీట్లు అయ్యేదాకా.

కష్టంగా ఉందా? హామిల్టన్ ఉన్న సెంట్రల్ స్కాట్లాండ్ ప్రాంతాన్నే తీసుకుందాం, 2021 ఎన్నికలు. అక్కడ 9 నియోజకవర్గాలు. తొమ్మిదికి తొమ్మిదీ ఎస్‌ఎన్‌పీ గెలిచింది. హామిల్టన్‌లో క్రిస్టినా మెక్‌కెల్వీ 4,582 ఓట్ల మెజారిటీతో గెలిస్తే, ఓడిపోయింది లేబర్ పార్టీ మోనికా లెనన్. ఇక్కడితో ఆగిపోతే మిగతా పార్టీలకు ఓటేసినవాళ్లందరికీ ఐదేళ్లు సున్నా. కానీ రెండో లెక్కలో ఎస్‌ఎన్‌పీ ఓట్లను 10తో భాగించాలి, ఒక్క సీటూ రాని లేబర్ ఓట్లను 1తో భాగించాలి. ఏడు సీట్లూ మిగతావాళ్లకే పోయాయి. కన్జర్వేటివ్‌కు 3, లేబర్‌కు 3, గ్రీన్ పార్టీకి 1. ఆ ముగ్గురు లేబర్ వాళ్లలో మోనికా లెనన్ ఒకరు. హామిల్టన్‌లో ఓడి, హామిల్టన్ ప్రాంతం తరఫునే సభలో కూర్చున్నారు. ఈ అనస్ సర్వర్ కూడా అంతే, 2021లో గ్లాస్గో సౌత్‌సైడ్‌లో అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ మీద 9,456 ఓట్ల తేడాతో ఓడిపోయి, గ్లాస్గో జాబితా నుంచి సభకు వెళ్లారు. ఓడినోళ్ల వెనక ఉన్న జనానికి సభలో ఒక గొంతు ఉంది.

రాష్ట్రం మొత్తం, అంటే దేశం మొత్తం చూస్తే ఆ ఏడాది ఎస్‌ఎన్‌పీ 73లో 62 నియోజకవర్గాలు ఊడ్చేసింది. మన పద్ధతిలో అయితే అది తిరుగులేని ప్రభుత్వం. అక్కడ 129లో 64 దగ్గర ఆగింది, మెజారిటీకి ఒక్కటి తక్కువ. నియోజకవర్గాల్లో వచ్చిన ఓట్లు సగానికి కొంచెం తక్కువ, మొత్తం సీట్లూ సగానికి కొంచెం తక్కువ. లెక్క లెక్కలా ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2019లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 సీట్లు, వైఎస్సార్‌సీపీకి 13, తెలుగుదేశానికి కుప్పం ఒక్కటి. 2024లో వైఎస్సార్‌సీపీకి పుంగనూరు, తంబళ్లపల్లె రెండే, మిగిలిన 12 కూటమికి. రాష్ట్రంలో 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు, సీట్లు 175లో 23. 2024లో వైఎస్సార్‌సీపీకి దాదాపు 39 శాతం ఓట్లు, సీట్లు 11. ఒకసారి వాళ్లు, ఒకసారి వీళ్లు. ఇది పార్టీల గొడవ కాదు, నేను ఏ పార్టీవాణ్ణో వెతక్కండి. ప్రతి పదిమందిలో నలుగురు ఒక పార్టీని నమ్ముకుని ఎండలో నిలబడి ఓటేస్తే, అసెంబ్లీలో వాళ్ల తరఫున మాట్లాడటానికి పదహారుమందిలో ఒకరు ఉన్నారు. ఆ ముందు ఎనిమిది మందిలో ఒకరు. ఎవరు అధికారంలో ఉన్నా ఎదుటి బెంచీలు ఖాళీ. బిల్లులు చదివేవాళ్లు లేరు, నిలదీసేవాళ్లు లేరు. నాకు దీని మీద కోపం చాలా ఏళ్లుగా ఉంది, పేరు పెట్టడం తెలియలేదు, అంతే.

మన దగ్గర ఓడిన ఓటు రెండోసారి కూడా ఓడుతుంది. అది ఇంకా బాధ.

మా అత్తగారి ఊళ్లో ఒక ఎన్నిక తర్వాత జరిగింది చెబుతాను. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. ఫలితాలు వచ్చిన పదిరోజులకు గెలిచినవైపు చోటా నాయకుడొకడు ఫారం 20 జిరాక్స్ పట్టుకుని కాలనీలోకి వచ్చాడు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఉండే కాగితం అది, ఎవరైనా తీసుకోవచ్చు. ఆ కాలనీ బూత్ నంబర్ చుట్టూ ఎర్ర బాల్‌పెన్నుతో సున్నా చుట్టి ఉంది, రెండుసార్లు తిప్పాడేమో, కాగితం అక్కడ కొంచెం చిరిగింది. ఆ సున్నా మీద వేలు పెట్టి "మీరు మాకు ఇచ్చింది ఇంతే కదా" అన్నాడు. అప్పటికే కాలనీ బోరు మోటారు కాలిపోయి ఉంది. అది బాగయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. మా అత్త అరవై ఏళ్ల వయసులో అవతలి వీధి నుంచి బిందెలు మోసింది. ఆమె నిజానికి ఓటేసింది గెలిచినవాళ్లకే.

పోలింగ్ ఆఫీసర్‌గా ఓటు రహస్యం కాపాడాల్సిన బాధ్యత మా మీద ఉంటుంది. ఓటింగ్ కంపార్ట్‌మెంట్ చుట్టూ అట్టలు పెడతాం, కిటికీ దగ్గర పెట్టకుండా చూస్తాం. ఇంత చేసి చివర్లో బూత్‌కు బూత్ లెక్క బయట పెట్టేస్తే, మనిషి రహస్యం ఉందేమో గానీ వీధి రహస్యం లేదు. హామిల్టన్‌లో డబ్బాలు వచ్చాక ఒక్కో డబ్బాలో ఎన్ని కాగితాలున్నాయో లెక్క సరిచూస్తారు, తర్వాత వేరే డబ్బాల కాగితాలతో కలిపేసి అప్పుడు ఎవరికెన్నని లెక్కిస్తారు. లార్క్‌హాల్‌లో ఫలానా వీధి మాకు వేయలేదని ఎవరూ అధికారిక కాగితం చూపించలేరు. మనకూ బ్యాలెట్ పేపర్ల కాలంలో కలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎంలు వచ్చాక అది పోయింది. కొన్ని మెషీన్ల ఓట్లు కలిపి మొత్తం ఒక్కటే చూపించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘమే ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సిఫార్సు చేసింది. ఇంకా రాలేదు. మెషీన్ కష్టమైంది కాదు, ఇష్టం లేకపోవడమే అని నా అభిప్రాయం.

స్కాట్లాండ్ పద్ధతిలో లోపాల్లేవని కాదు. జాబితాలో ఎవరి పేరు ముందుండాలో పార్టీ నిర్ణయిస్తుంది, మన పార్టీల చేతికి ఆ పని ఇస్తే ఎవరి కొడుకు పేరు ముందుంటుందో ఊహించుకోవచ్చు. 2007లో రెండు ఓట్లూ ఒకే కాగితం మీద పెట్టి, అదే రోజు లోకల్ ఎన్నికలు వేరే పద్ధతిలో పెడితే జనం గందరగోళపడి లక్షా నలభై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఆ ఏడాదే కనింగ్‌హామ్ నార్త్ అనే చోట 48 ఓట్లతో ఫలితం తేలింది, ఎన్ని చెల్లని ఓట్లు అక్కడ పడ్డాయోనని ఓడినవాళ్లకు ఎంత కడుపుమండి ఉంటుందో! తర్వాత సరిదిద్దుకున్నారు, రెండు కాగితాలు విడివిడిగా ఇస్తున్నారు. ఉప ఎన్నికలో మాత్రం రెండో కాగితం ఉండదు, ఒక్క సీటే కాబట్టి. అందుకే మొన్న లౌడన్‌కు వేసిన 7,957 మందికీ, లాంబీకి వేసిన 7,088 మందికీ ప్రస్తుతానికి ఏమీ లేదు. రిఫార్మ్‌కు వేసినవాళ్ల గురించి కూడా చెబుతున్నానా? అవును, చెబుతున్నా. మా పాపను బస్టాపులో మౌనంగా నిలబెట్టిన పార్టీయే అయినా, వాళ్ల ఓటు లెక్కకు వస్తేనే నా మాట నిజమవుతుంది.

మా ఆవిడ ఇదంతా విని ఒకటే అడిగింది. "708 అప్పుడు ఈ రెండో కాగితం ఉండుంటే?" జిల్లా మొత్తం లెక్క వేయాలి, ఎంతమందికి వేయాలో తెలియాలి, ఏమీ చెప్పలేను అన్నాను. కానీ ఆ రోజు అన్నం ముట్టని నాన్నగారు సాయంత్రానికైనా రెండు ముద్దలు తినేవారని మాత్రం అనిపించింది. ఆయన 2022లో పోయారు.

బళ్లు తెరిచారు. తొమ్మిదో తరగతిలో క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టాలి. రెండు సెక్షన్లు, 83 మంది. ఈసారి ఒక్కొక్కరికి రెండు చీటీలు ఇస్తున్నా, లీడర్‌కు ఒకటి, జట్టుకు ఒకటి. ఓడిన జట్ల నుంచి కూడా కమిటీలోకి నలుగురు వస్తారు. రెండు సెక్షన్ల డబ్బాలూ కలిపేసే లెక్కిస్తాం. నిన్న సాయంత్రం గాంధీ రోడ్డులో స్టేషనరీ షాపుకెళ్లి రంగు కాగితాలు తెచ్చా. లేత ఊదా దొరికింది. లేత నారింజ లేదు, గులాబీ రంగు తీసుకున్నా. ఫోటో తీసి మా పాపకు పంపితే, పెన్సిళ్లకు దారం కట్టడం మర్చిపోవద్దు నాయనా అని రాసింది.